వద్దని చెప్పే ఉద్యోగం

గైడుని పెట్టుకుని వెళ్తే దాన్ని అరణ్యయాత్ర ఎలా అంటారండీ, అది వనభోజనాలు కదా అని మా మిత్రుడొకాయన నవ్వాడు. పైగా దానికి పోసిన డబ్బుతో ఇద్దరం హాయిగా క్రూయిజుకి వెళ్ళి రావచ్చట, మూడు పూటలా తిండి వాళ్ళే పెడతారట. రెండో మాట నిజమే. మొదటి మాటకి మాత్రం అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది గానీ అది ఫోన్లో చెప్పేంత చిన్నది కాదు. అందుకని తీరిగ్గా రాస్తున్నాను.

2022 జూలైలో మా అమ్మాయీ నేనూ కాపర్‌మైన్ నది మీద పదమూడు రోజులు కెనూలో వెళ్ళాం. కెనడా ఉత్తరాన, యెల్లోనైఫ్‌కి ఇంకా పైనున్న సరస్సుల్లో పుట్టి, 845 కిలోమీటర్లు పారి, ఆర్కిటిక్ వలయం దాటి, ఉత్తర సముద్రంలో కలుస్తుంది ఈ నది. దారి పొడుగునా ఊళ్ళు లేవు, రోడ్లు లేవు. ఉన్న ఒక్క ఊరూ నది సముద్రంలో కలిసే చోట ఉంది. పేరు కుగ్లుక్‌టుక్. ఇదివరకు ఆ ఊరి పేరు కూడా కాపర్‌మైనే. 1996 జనవరి 1 నుంచి ఇన్యూయిట్ వాళ్ళు తమ భాషలోని పేరు పెట్టుకున్నారు. నీళ్ళు కదిలే చోటు అని అర్థమట.

నాకిలాంటి సరదాలు లేవు. వారాంతంలో కొండ ఎక్కుదాం రమ్మంటే కారులోంచి చూసినా కొండ కొండే కదా అనే రకం. వెళ్ళింది మా అమ్మాయి వల్ల. పదమూడో ఏట స్కూలు వాళ్ళు కెనూ క్యాంపుకి తీసుకెళ్ళారు, అప్పుడు పట్టుకుంది ఈ పిచ్చి. కంప్యూటర్ సైన్సు మూడో సంవత్సరంలో ఉండగా ఒక రాత్రి అన్నాల దగ్గర, చదువు ఆపేసి గైడు పని నేర్చుకుంటానంది. పెరుగు వడ్డిస్తున్న మా ఆవిడ గరిటె అలాగే పట్టుకుని నా వైపు చూసింది. నేనేం అనలేదు. ఆ రాత్రి మా ఆవిడే అంది, "కాదంటే మొండికేస్తుంది. మీరు కూడా వెళ్ళి ఆ ఉద్యోగం ఏమిటో, అందులో ఏముందో చూసి రండి," అని. అంటే నేను వెళ్ళింది విహారానికి కాదు, సంబంధం చూసి రావడానికి వెళ్ళినట్టు వెళ్ళాను.

యెల్లోనైఫ్‌లో సరస్సు మీద దిగే చిన్న విమానం ఎక్కేటప్పుడు సామానుతో పాటు మనుషుల్ని కూడా తూచారు. ఎనిమిది మంది యాత్రికులం, ఇద్దరు గైడ్లు. పెద్ద గైడు అరవయ్యో పడిలో ఉన్న ఆవిడ, ఒంటారియో మనిషి, ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని. రెండో గైడు కుగ్లుక్‌టుక్ కుర్రాడు, ఇన్యూయిట్, పాతికేళ్ళుంటాయేమో. విమానం మమ్మల్నీ, సామానునీ, పడవల్నీ నది ఒడ్డున దింపేసి వెళ్ళిపోయాక వచ్చిన నిశ్శబ్దం గురించి చాలామంది చాలా గొప్పగా రాశారు. మాకు వినపడింది దోమలు. మా కోనసీమ దోమల్ని చూసి పెరిగిన వాణ్ణి, అయినా చెప్తున్నాను, అవి దోమలు కావు, వాతావరణం. వాటికి తోడు నల్ల ఈగలు. తలకి వల ముసుగు లేకుండా అన్నం తినలేం, ముసుగుతో అసలే తినలేం.

కెనూ అంటే ఇద్దరు కూచునే సన్నటి పడవ. వెనక కూచున్నవాళ్ళు దారి తిప్పుతారు, ముందున్నవాళ్ళు బలంగా తెడ్డు వేస్తూ రాళ్ళు కనపడగానే కేకేస్తారు. మా పడవలో వెనక మా అమ్మాయి, ముందు నేను. "నాన్నా, ఎడమకి లాగు! నాన్నా, ఆపు! నాన్నా, ఆలోచించకు!" ఇరవై ఏళ్ళు నేను చెప్పినవన్నీ పదమూడు రోజుల్లో వడ్డీతో తిరిగొచ్చాయి. ఎలుగుబంట్లు వాసన పట్టకుండా తిండి అంతా బిగుతు మూతల నీలం డబ్బాల్లో ఉంటుంది. నా కందిపొడి సీసా కూడా అందులోనే పెట్టించారు. ఎండబెట్టిన బంగాళదుంప పొడిని వేడినీళ్ళలో కలిపి దాని మీద కందిపొడి చల్లుకుంటే... సరే, ఇంట్లో అయితే ఎవరూ తినరు. అక్కడ నాలుగో రోజుకల్లా సీసా అందరి చేతులూ తిరిగింది.

రాత్రి అనేది పెద్దగా లేదు. పదకొండింటికి కూడా ఎండ గుడారం మీద పడుతూనే ఉండేది. నది లోయలో మాత్రం సన్నటి స్ప్రూస్ చెట్లు, రెండు అడుగులు గట్టెక్కితే చెట్టన్నది లేని నేల. కస్తూరి ఎద్దుల్ని రెండుసార్లు చూశాం, ఒక తోడేలుని ఒకసారి. కారిబూలు ఒక్కటీ కనపడలేదు. ఈ నది పుట్టే ప్రాంతంలో తిరిగే బాథర్స్ట్ మందని 1986లో లెక్కేస్తే 4 లక్షల 70 వేలు, 2018లో లెక్కేస్తే 8,200. కుర్ర గైడు ఒట్టి గట్ల వైపు చూస్తూ ఈ అంకెలు చెప్పాడు. మేమెవరం మాట్లాడలేదు.

ఐదో రోజు ఉత్తరం నుంచి గాలి మొదలైంది.

ఇక్కడ గాలి వస్తే నది మీద తెల్ల నురుగు లేస్తుంది, పడవ ముక్కు ఎటు తిప్పితే అటు నిలవదు. పెద్ద గైడు ఉదయాన్నే ఒడ్డుకి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చి, "ఇవాళ కదలటం లేదు," అంది. మర్నాడూ అదే మాట. మూడో రోజు గాలి తగ్గింది, కనీసం నాకు తగ్గినట్టే అనిపించింది. ఆవిడ మళ్ళీ ఒడ్డుకి వెళ్ళొచ్చి, "మధ్యాహ్నం చూద్దాం," అంది. మధ్యాహ్నం చూసి వద్దంది. మాలో టొరంటో నుంచి వచ్చిన ఇద్దరు ఇంజనీర్లున్నారు, మంచివాళ్ళే, చేతిలో పని లేకపోతే ఉండలేని బాపతు. కుగ్లుక్‌టుక్‌లో తిరుగు విమానం ఫలానా రోజు అని టికెట్లున్నాయి, లెక్క కట్టి చూపించారు, రోజుకి ఇన్ని కిలోమీటర్లు వేస్తే గానీ అందుకోలేం అని. ఆవిడ లెక్కంతా విని, లెక్క సరిగ్గానే ఉందని మెచ్చుకుని, టీ పెట్టుకోవడానికి వెళ్ళింది.

ఆ మూడు రోజులూ గుడారంలో పడుకుని ఈ నది చరిత్ర చదివాను. అమ్మాయి తెచ్చిన పుస్తకాలు. చదివిన కొద్దీ నాకు ఒక సంగతి తెలిసింది. ఇక్కడికి వచ్చిన దొరల కథలన్నీ నిజానికి వాళ్ళ గైడ్ల కథలే.

జాన్ ఫ్రాంక్లిన్ అనే ఇంగ్లీషు నేవీ అధికారి 1820లో ఇక్కడికి వచ్చాడు. ఆయనకి వేట తిండి, దారి చూపే పని ఒప్పుకున్నవాడు యెల్లోనైఫ్ తెగ నాయకుడు అకైచో. ఆ ఏడు ఆగస్టు చివర్లోనే ఫ్రాంక్లిన్ కాపర్‌మైన్ మీదుగా సముద్రం దాకా పోదామన్నాడు. అకైచో వద్దన్నాడు. చలికాలం ముంచుకొచ్చేసింది, ఇప్పుడు బయల్దేరితే చావే అన్నాడు. దొరగారు పట్టు పట్టారు. అప్పుడు అకైచో, మీరు అంతగా పోతానంటే మా కుర్రాళ్ళని కొందర్ని పంపుతాను గానీ, వాళ్ళు పడవ ఎక్కిన క్షణం నుంచి మా వాళ్ళు చచ్చిపోయినట్టే లెక్కేసుకుని ఏడుస్తాం అన్నాడట. ఈ మాటలు ఫ్రాంక్లినే తన పుస్తకంలో రాసుకున్నాడు. చివరికి ఆ ఏడాదికి ఆగారు. ఆగినందుకు ఏమీ జరగలేదు. పుస్తకంలో అది దొరగారి విసుగుగానే మిగిలింది.

మరుసటి ఏడు, 1821 జూలైలో, సముద్రం చేరారు. అకైచో మనుషులు నది మీద కొంత దూరం వచ్చి వెనక్కి వెళ్ళిపోయారు. అక్కణ్ణించి ఫ్రాంక్లిన్ బెరడు పడవల్లో తీరం వెంట తూర్పుకి, ఇంకా తూర్పుకి పోయి, ఆగస్టు నడిమి దాటాక గానీ వెనక్కి తిరగలేదు. సెప్టెంబరులో మంచు పడింది. బండల మీద పెరిగే నాచులాంటిదాన్ని గీరుకుని తిన్నారు, బూట్ల తోలు ఉడకబెట్టుకుని తిన్నారు. కాపర్‌మైన్ అడ్డం వస్తే దాటడానికి పడవ లేక రోజుల తరబడి ఒడ్డునే కూలబడ్డారు. చివరికి దుబాసీగా వచ్చిన పియర్ సెంట్ జెర్మేన్ పక్కబట్టలు చుట్టుకునే కాన్వాసు గుడ్డతో ఒక మనిషి పట్టే పడవ కట్టి తాడు అవతలికి చేర్చాడు. మొత్తం పదకొండు మంది పోయారు. మిగిలినవాళ్ళకి నవంబరులో మాంసం తెచ్చి బతికించింది మళ్ళీ అకైచో మనుషులే. ఫ్రాంక్లిన్ లండన్ వెళ్ళి బూట్లు తిన్న మనిషిగా పేరు తెచ్చుకున్నాడు. 1845లో మళ్ళీ బయల్దేరి, ఈసారి మొత్తం 129 మందితో సహా మాయమైపోయాడు.

నేను వృత్తిరీత్యా కన్సల్టెంటుని. సలహా చెప్పడం, అది విననప్పుడు ఓర్చుకోవడం, ఇవి రెండూ నా ఉద్యోగమే. అందుకని అకైచో మీద నాకు వెంటనే బంధుప్రేమ పుట్టుకొచ్చింది.

ఎనిమిదో రోజు గాలి పడిపోయింది. ఆ రోజు నుంచి పొద్దున్నే బయల్దేరి రాత్రి తొమ్మిది దాకా తెడ్డు వేశాం. వెలుతురుకి కొదవ లేదు కదా. మస్కాక్స్ రాపిడ్స్, శాండ్‌స్టోన్ రాపిడ్స్ అని నది రాళ్ళ మీద ఉరికే చోట్లు వరసగా వస్తాయి. ప్రతి దాని దగ్గరా ఒడ్డుకి చేరడం, గట్టెక్కి చూడడం, ఎటు నుంచి పోవాలో గైడు చెప్పడం, మళ్ళీ పడవ ఎక్కడం. శాండ్‌స్టోన్ దగ్గర ఒక కెరటం నా ఒళ్ళో కూచుని వెళ్ళింది. పడవ మీద కప్పిన గుడ్డ ఉండబట్టి లోపల నీళ్ళు చేరలేదు. వెనక నుంచి మా అమ్మాయి నవ్వు వినపడింది. చిన్నప్పుడు ఉయ్యాల ఊపితే నవ్వే నవ్వు. అది విని ఎంతో కాలమైంది. నేను చూడటానికి వచ్చింది ఇదే అయితే, సగం చూసేసినట్టే.

తరవాత వచ్చింది ఎస్కేప్ రాపిడ్స్. ఆ పేరు ఫ్రాంక్లిన్ పెట్టిందే. ఆయన పడవలు రెండూ అక్కడి కెరటాల్లో మునగబోయి తప్పించుకున్నాయి. ఎత్తయిన గోడల మధ్య నది వంపు తిరుగుతుంది. పైన ఎక్కడో వాన పడినట్టుంది, నీళ్ళు ముందురోజు కంటే పెరిగాయి. గైడ్లిద్దరూ గట్టు మీద నుంచి ముప్పావుగంట చూశారు. మధ్యలో ఆవిడ ఒక్కతే వంపు దాకా నడిచి వెళ్ళి, వచ్చి, ఇంకోసారి వెళ్ళింది. ఆ తరవాత వచ్చి, "మోద్దాం," అంది.

మోయడం అంటే పడవలూ, డబ్బాలూ, గుడారాలూ సమస్తం భుజాన వేసుకుని గట్టు వెంట రాపిడ్స్ దాటేదాకా నడవడం. ఒక్క నడకలో అవదు. మూడు నాలుగు విడతలు. నేలంతా గడ్డి బొడిపెలు, బొడిపె మీద కాలేస్తే జారుతుంది, పక్కన వేస్తే చీలమండ దాకా నీళ్ళు. చేతులు రెండూ పడవకి ఇచ్చేశాం కనక దోమలకి మొహం ఇచ్చేసినట్టే.

ఇంజనీర్లు ఊరుకోలేదు. క్రితం ఏడాది ఎవరో ఇదే రాపిడ్స్‌ని కుడి ఒడ్డు పక్కనించి దాటిన వీడియో చూశామన్నారు. "వాళ్ళు దాటారు, నేనూ దాటాను, నాలుగైదుసార్లు," అంది ఆవిడ. "ఇవాళ వద్దు." ఎందుకు అంటే చెప్పింది. అడుగున నీళ్ళు వెనక్కి తిరుగుతున్న చోటు పెద్దదైంది, అక్కడ ఒక పడవ తిరగబడితే పట్టుకోవడానికి ఒడ్డు లేదు, రెండు వైపులా గోడే. తిరగబడటానికి అవకాశం ఎంత అని అడిగాడు వాళ్ళలో ఒకాయన. నూటికి ఎంతో చెప్పమన్నట్టు. "తక్కువే," అంది. "పదిలో ఒకటి కూడా ఉండకపోవచ్చు." ఆ జవాబుతో వాదన ఇంకా పెరిగింది. అబద్ధమాడి ఎనభై శాతం అని ఉంటే అందరం నోరు మూసుకుని మోసేవాళ్ళం. ఆవిడ అబద్ధమాడలేదు. నేను అయితే ఆడేవాణ్ణేమో, మీటింగుల్లో ఆడిన సందర్భాలు కళ్ళ ముందు మెదిలాయి.

చల్లటి నీళ్ళ సంగతి ఆవిడ మొదటి రోజే చెప్పి ఉంది. మానిటోబా విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారం చేసిన లెక్క ఒకటుంది: ఒకటి, పది, ఒకటి. గడ్డకట్టే చలి నీళ్ళలో పడితే ఊపిరి అదుపులోకి రావడానికి ఒక నిమిషం, చేతులూ కాళ్ళూ చెప్పిన మాట వినేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి సుమారు ఒక గంట. చాలామంది ఆ గంట దాకా కూడా రారు, మొదటి నిమిషంలో నీళ్ళు పీల్చి పోతారు. కాలవలో ఈత నేర్చుకున్నవాణ్ణి, గోదావరి పాయకి అడ్డంగా ఈదినవాణ్ణి అని నాకు లోపల ఒక ధీమా ఉండేది. ఆ లెక్క విన్నాక ఆ ధీమాని మూటగట్టి నీలం డబ్బాలో పెట్టేశాను.

మా అమ్మాయి వాదించలేదు గానీ మొహం మాడ్చుకుంది. సగం దూరంలో పడవ దింపి ఊపిరి తీసుకుంటున్నప్పుడు అంది, "నువ్వు ఆవిడ వైపే ఉంటావని తెలుసు నాన్నా. నువ్వెప్పుడూ వద్దన్నవాళ్ళ వైపే."

"నేను ఒక్క మాట కూడా అనలేదే."

"అదే చెప్తున్నా. మూడో సంవత్సరం నుంచీ అనట్లేదు."

నేను పడవ కింద దూరి నా వైపు ఎత్తాను. కెనూ తల మీద బోర్లించుకుని నడిచేటప్పుడు ఒకళ్ళ మొహం ఒకళ్ళకి కనపడదు, అదొక సదుపాయం.

ఆరు గంటలు పట్టింది. అవతల ఒడ్డున సూప్ తాగుతూ కూచున్నాం. నది మా ముందు నించే పోతోంది, మామూలుగానే. ఏ చెట్టూ కొట్టుకు రాలేదు, ఏ పడవా మునగలేదు. ఆవిడ చెప్పింది నిజమని చూపించే ఆధారం ఒక్కటీ లేదు. ఇంజనీర్లలో ఒకాయన నీళ్ళ వైపు చూసి, "దాటేసేవాళ్ళమే," అన్నాడు. బహుశా నిజమే. ఆవిడ విని, ఇంకొంచెం సూప్ పొయ్యనా అని అడిగింది.

నేను 1998లో అమెరికా వచ్చింది వైటుకె పని మీద. ఇప్పటి పిల్లలకి అదో జోకు. హైదరాబాదులో మూడు నెలల్లో కోబాల్ నేర్చేసుకుని విమానం ఎక్కిన వేలమందిలో నేనొకణ్ణి. ఒక ఇన్స్యూరెన్స్ కంపెనీలో పాత ప్రోగ్రాములు, సంవత్సరానికి రెండంకెలే. 00 వస్తే అది 1900 అనుకుంటుంది. 1930లో పుట్టిన ముసలాయన వయసు మైనస్ ముప్ఫై అని వచ్చేది, నా కళ్ళతో చూసి సరిచేశాను. పధ్నాలుగు నెలలు పని చేశాం. 2000 జనవరి 3, సోమవారం పొద్దున అంతా మామూలుగా నడిచింది. అక్కడి మేనేజరు ఒకాయన కాఫీ పట్టుకుని వచ్చి, "ఇంత ఖర్చు పెట్టించారు, ఏమీ అవలేదే!" అన్నాడు. వేళాకోళానికే అన్నాడు లెండి. కానీ ఆ తరవాత పాతికేళ్ళ నించీ అదే మాట వింటున్నాను, పేపర్లలో, పార్టీల్లో, వైటుకె అంతా ఉత్త గోల అని. గోల అవడానికి చేసిన పని అది.

మా వైపు కోటిపల్లి రేవులో చిన్నప్పుడు పంటు దాటేవాళ్ళం. గాలి తిరిగితే పంటు కట్టేసేవారు. అవతల ముక్తేశ్వరంలో పెళ్ళికి వెళ్ళాల్సినవాళ్ళు రేవులో నిలబడి సరంగుని నానా మాటలూ అనేవాళ్ళు. ఆయన చుట్ట కాల్చుకుంటూ కూచునేవాడు. గాలి తగ్గి అందరూ క్షేమంగా అవతలికి వెళ్ళాక ఆయనకి ఎవరైనా దండం పెట్టారా అంటే, నాకు గుర్తున్నంతవరకూ లేదు. అదే గోదావరి మీద, 2019 సెప్టెంబరు 15న, కచ్చులూరు దగ్గర పాపికొండలకి వెళ్తున్న టూరిస్టు బోటు మునిగింది. నది వరదలో ఉంది. యాభై మంది దాకా పోయారు. ఆ పొద్దున ఎవరో ఒకరు ఇవాళ బోటు కదలదు అని ఉంటే ఏమయ్యేది? టికెట్ల డబ్బు కోసం గొడవ అయ్యేది. ఆదివారం పాడైందని తిట్టుకుంటూ ఇళ్ళకి వెళ్ళేవారు. మనకెవరికీ కచ్చులూరు పేరు తెలిసేది కాదు. ఆ వద్దన్న మనిషి పేరు అసలే తెలిసేది కాదు.

ఇదంతా ఆ సాయంత్రం అమ్మాయికి చెప్పాను. అది ఊరికే విని ఒప్పుకునే రకం కాదు. గైడ్లు మాత్రం దేవుళ్ళా అని ఆర్థర్ మొఫాట్ కథ చెప్పింది. 1955లో ఆయన అయిదుగురు కుర్రాళ్ళని వెంటబెట్టుకుని, ఇక్కడికి తూర్పున ఉన్న డుబాంట్ నది మీద వెళ్ళాడు. అనుభవం ఉన్నవాడే. కానీ వేసవంతా తీరిగ్గా గడిపారు, సెప్టెంబరు వచ్చేసింది, తిండి తరిగిపోయింది. సెప్టెంబరు 14న ఒక రాపిడ్స్ దగ్గర ఆగి చూడకుండా దిగారు. రెండు పడవలు తిరగబడ్డాయి, చలికి మొఫాట్ పోయాడు. 36 ఏళ్ళు. కుర్రాళ్ళు బతికారు. వాళ్ళలో ఒకాయన, జార్జ్ గ్రినెల్, నలభై ఏళ్ళ తరవాత పుస్తకం రాశాడు. "వద్దనాల్సిన మనిషే దిగాడు నాన్నా. ఆయనకి ఎవరు చెప్తారు?" అంది. నా దగ్గర సమాధానం లేదు. అది నా మాటకి ఎదురు చెప్తోందా, సాయం చెప్తోందా అని కూడా తేలలేదు.

పక్కన గిన్నెలు సర్దుతున్న పెద్ద గైడు మా తెలుగులో మొఫాట్ పేరు విని ఏమిటని అడిగింది. అమ్మాయి చెప్పింది. చెప్పి, "మీరు ఎన్నిసార్లు వద్దని ఉంటారు? అందులో ఎన్ని తప్పు?" అని అడిగేసింది. నేనైతే అడగను.

"వద్దన్నవి తప్పో ఒప్పో తెలిసే దారి లేదు. అవునన్నవే తెలుస్తాయి," అంది ఆవిడ. కాసేపాగి, "ఒకసారి అవునన్నాను," అంది. మేం ఎదురు చూశాం. "అందరూ బతికారు," అని మాత్రం చెప్పి గిన్నెలు కడగడానికి నీళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. అమ్మాయి లేచి వెంట వెళ్ళింది. ఇద్దరూ గంటసేపు రాలేదు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. జీతం ఎంతో, చలికాలం ఏం చేస్తారో మాత్రం తరవాత చెప్పింది, రెండూ మా ఆవిడకి చెప్పదగ్గ జవాబులు కావు. ఆవిడ రెండు మోకాళ్ళూ అరిగిపోయాయట.

పన్నెండో రోజు బ్లడీ ఫాల్స్ చేరాం. అక్కడ ఎవరూ దిగరు, అందరూ మోసేదే, వాదన లేదు. పేరులోని నెత్తురు కూడా ఒక గైడు కథే. శామ్యూల్ హర్న్ అనే ఆయన హడ్సన్ అఖాతం నుంచి ఇక్కడికి రాగి వెతుక్కుంటూ రెండుసార్లు బయల్దేరి విఫలమయ్యాడు. మూడోసారి తీసుకొచ్చినవాడు డెనే నాయకుడు మటోనబీ. మీరు ఆడవాళ్ళని వెంట తీసుకెళ్ళకపోబట్టే ఓడిపోయారు, బరువులు మొయ్యాలన్నా బట్టలు కుట్టాలన్నా వాళ్ళే కదా అన్నాడట మొదటి మాటగా. 1771 జూలైలో నది చేరారు. హర్న్ ఆశించిన రాగి కొండలు లేవు, దొరికింది రెండు కిలోల లోపు ముద్ద ఒకటి. కానీ మటోనబీ మనుషులు వచ్చిన పని వేరు. ఈ జలపాతం దగ్గర గుడారాల్లో నిద్రపోతున్న ఇన్యూయిట్ వాళ్ళని, ఆడా మగా పిల్లా లేకుండా, జూలై 17న చంపేశారు. హర్న్ ఆపలేకపోయాడు. ఆయన రాతలో ఏది ఆయనది, ఏది ఆయన పోయాక అచ్చు వేసినవాళ్ళు కలిపింది అని చరిత్రకారులు ఇంకా తగువులాడుకుంటున్నారు. అంత దూరం చావకుండా తీసుకొచ్చిన గైడే వద్దనే ఆలోచన లేని పనికి తీసుకెళ్ళాడు. అకైచో కథ చదివి నేను కట్టుకున్న మేడ ఇక్కడ కాస్త బీటలు వారింది.

కుర్ర గైడుకి ఈ చరిత్ర అంతా తెలుసు, కానీ దాని గురించి మేం అడిగినంతే చెప్పాడు. ఆయనకి అది వేసవిలో చేపలు పట్టుకునే రేవు. వాళ్ళ తాతలు, వాళ్ళ తాతలు చార్ చేపలు పట్టిన చోటు. ఇంజనీర్లు ఈ మహారణ్యం ఎంత ఖాళీగా ఉందో అని ఫొటోలు తీసుకుంటుంటే, "మా ఇంటికి ఇక్కణ్ణించి పదిహేను కిలోమీటర్లు," అన్నాడు. మర్నాడు ఊళ్ళో వాళ్ళమ్మ రేవు దగ్గరికి వచ్చి ఆయన మొహం మీద దోమకాట్లు చూసి ఏదో తిట్టింది. మాకు భాష రాదు గానీ అర్థమైంది.

విమానం అందుకున్నాం. ఇంకా అర రోజు మిగిలింది కూడా. ఇంజనీర్లు పెద్ద గైడుకి బాగానే టిప్పు ఇచ్చారని మా అమ్మాయి చెప్పింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ ఏం చూశారు అని అడిగింది. చూసింది చెప్పాను. జీతం కూడా చెప్పాను, మోకాళ్ళ సంగతీ చెప్పాను. మీరేమంటారు మరి అంది. డిగ్రీ పూర్తి చేసి తరవాత నీ ఇష్టం అని అమ్మాయికి చెప్పాను. అది మూడేళ్ళ తరవాత నేను నోరు విప్పి అన్న వద్దు. అది విందో, తనంతట తనే ఆ పని చేసిందో తెలీదు, 2024లో డిగ్రీ చేతికొచ్చింది. ఈలోపు అడవిలో ప్రథమ చికిత్స కోర్సు, ఎనభై గంటలది, చేసేసింది. ఊరి నుంచి మా అమ్మ ఫోనులో, "పిల్ల ఉద్యోగంలో చేరిందా?" అంటే చేరింది, పడవ నడుపుతుంది అన్నాను. "పడవేంట్రా? అంత చదువు చదివి సరంగు పనా?" అని కాసేపు బాధపడి, "సరేగానీ ఈత వచ్చా దానికి?" అంది.

వేసవుల్లో ఇప్పుడు రెండో గైడుగా వెళ్తోంది. ఉపగ్రహం ద్వారా చిన్న చిన్న మెసేజీలు పంపే పరికరం ఒకటి చేతికిచ్చాను, రోజూ ఒకటి పంపాలని షరతు. క్రితం జూలైలో వరసగా మూడు రోజులు ఒకటే మెసేజీ వచ్చింది. "గాలి. కదలట్లేదు. వీళ్ళు నన్ను తిట్టుకుంటున్నారు." మా ఆవిడకి చదివి వినిపించి, ఫోను పక్కన పెట్టి పడుకున్నాను.